ముక్కనుమ నాడు సరదా కుక్కల పోటీ: మూడు నెలల పిల్లని తయారు చెయ్యగలమా?

లంకతోట | కొత్తపేట దగ్గర | నవంబరు 9

అందరికీ నమస్కారం. మా ఊరి కుర్రాళ్ళు ఈ సంక్రాంతికి కుక్కల పోటీ పెడుతున్నారు. పెద్ద డాగ్ షో అనుకోకండి. జాతి కుక్క అక్కర్లేదు, కాగితాలు అక్కర్లేదు, నాలుగు కాళ్ళుంటే చాలు. కనుమ నాడు జనమంతా జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోతారు కాబట్టి ముక్కనుమ పొద్దున్న స్కూలు గ్రౌండులో పెట్టారు. ముప్ఫై అడుగుల దూరం నుంచి పిలిస్తే రావాలి. కూర్చుని అర నిమిషం కదలకూడదు. తాడు లాక్కుపోకుండా కుర్చీల మధ్య నడవాలి. కొత్త మనిషి నిమిరితే ఊరుకోవాలి. అంతే. మొదటి బహుమతి స్టీలు బిందె. ఆరో తరగతి చదివే మా వాడు నాకు చెప్పకుండా పేరిచ్చి వచ్చేశాడు.

మాది కాలువ గట్టు మీద దొరికిన ఊరకుక్క పిల్ల. ఆడది. ఒంటి రంగుని బట్టి బెల్లం అని పేరు పెట్టాం. మూడు నెలలుంటాయని డాక్టరుగారన్నారు. ప్రస్తుతానికి దానికి వచ్చిన విద్యలు రెండే. చెప్పులు మాయం చెయ్యడం, మా అత్తయ్యగారి కుచ్చిళ్ళు పట్టుకుని వేలాడడం. రెండు నెలల్లో అవుతుందంటారా?

పాతకాపు | రాజోలు వైపు | నవంబరు 9

ఊరకుక్కకి ట్రైనింగేంటండీ బాబూ. అన్నం పెడితే ఇంటి దగ్గరుంటుంది, దొంగొస్తే మొరుగుతుంది, ఇంకేం కావాలి. మా ఇంట్లో మా తాతగారి హయాం నుంచీ కుక్కలున్నాయి. మాట వినకపోతే పేపరు చుట్టి ఒక్కటి తగిలిస్తే చాలు, దారికొస్తుంది. అయినా పండగ మూడు రోజులూ మగాళ్ళందరూ కోడిపందేల బరుల దగ్గరే ఉంటారు. మీ పోటీ చూడ్డానికి ఎవరొస్తారు?

పామ్‌నాన్న | రాజమండ్రి | నవంబరు 9

పాతకాపు గారూ, పేపరుతో కొడితే కుక్కకి పేపరంటే భయం వస్తుంది, చెప్పుల రుచి మాత్రం మర్చిపోదు. మీరు లేనప్పుడు కొరుకుతుంది, అంతే తేడా.

నా అనుభవం చెప్తాను. మాది పొమరేనియన్, పామ్ అంటాం. మూడేళ్ళ కిందట మా పామ్‌ని ఒకాయన దగ్గర నెల రోజులు వదిలాను. తెచ్చుకోవడానికి వెళ్ళినప్పుడు ఆయన చిటికేస్తే కూర్చుంది, వేలు చూపిస్తే పడుకుంది. పొంగిపోయాను. ఇంటికొచ్చాక నేను తల దువ్వుకుందామని చెయ్యెత్తితే చాలు, మంచం కిందకి దూరిపోయేది. ఆ నెలలో ఏం జరిగిందో నాకెవరూ చెప్పక్కర్లేదు. మళ్ళీ నా చేతిలోంచి ముద్ద తినడానికి నాలుగు నెలలు పట్టింది. కుక్కని ఎక్కడికీ పంపకండి, లంకతోట గారూ. మీ వాడినే నేర్పమనండి. మూడు నెలల పిల్ల అంటే సరైన వయసు.

పశువుల డాక్టరమ్మ | అమలాపురం | నవంబరు 10

ట్రైనింగుకి ముందు టీకాల పుస్తకం బయటికి తియ్యండి. మూడు నెలలంటే పార్వో, డిస్టెంపర్ టీకాలు రెండు డోసులు పడుండాలి, రేబిస్ టీకాకి వయసొచ్చినట్టే. పదహారు వారాలు దాటాక పడే డోసు అయ్యేదాకా నాలుగు కుక్కలు తిరిగే చోట కింద వదలకండి. అలాగని ఇంట్లో పెట్టి తాళం వెయ్యొద్దు. మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసినవన్నీ కుక్కపిల్లకి "ఇది మామూలే" అని బుర్రలో పడిపోతాయి. ఆ గడువు మీకు అయిపోబోతోంది. కాబట్టి చంకనేసుకుని తిప్పండి. బస్టాండు, సంత, గొడుగు పట్టుకున్న మనిషి, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, గేదెలు, ట్రాక్టరు, అన్నీ చూపించండి. నిమిరే వాళ్ళని నిమరనివ్వండి. మీ పోటీలో నాలుగో అంశానికి ప్రాక్టీసు ఇదే.

మన డెల్టాలో అడగాల్సిన టీకా ఇంకోటుంది, లెప్టోస్పైరోసిస్‌ది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలోంచి వస్తుంది, మనుషులకీ వస్తుంది. దాళ్వా (రెండో పంట) నాట్ల టైములో చేలల్లో నీళ్ళు, గట్ల నిండా ఎలుకల బొరియలు. పిల్ల ఆ బురదలో దొర్లకుండా చూడండి. ఎలుకల మందు పెట్టిన గట్ల వైపు అసలు పోనివ్వొద్దు.

నేర్పేటప్పుడు ఒక్కోసారికి మూడు నుంచి ఐదు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. భోజనానికి ముందు, ఆకలి మీదున్నప్పుడు. ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కోడి లివర్‌ని శనగగింజంత ముక్కలు కొయ్యండి. గుడ్డు, ఉడికిన చిలగడదుంప కూడా బాగుంటాయి. పండగ కదా అని పూతరేకులు పెట్టకండి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ కుక్కకి విషం.

ఇంకొకటి, ఇది మన కోనసీమ వాళ్ళకి. కొరుక్కుంటుంది కదా అని కొబ్బరి డొక్క పడేస్తారు. పీచు మింగితే పేగుల్లో ఉండచుట్టుకుంటుంది. డిసెంబర్లో మీ బెల్లానికి పాలపళ్ళు ఊడడం మొదలవుతుంది, అప్పుడు దొరికిందల్లా నములుతుంది. తడిగుడ్డ ముడేసి ఫ్రిజ్‌లో పెట్టి ఇవ్వండి.

లంకతోట | నవంబరు 10

డాక్టరుగారూ, డొక్క నిన్న సాయంత్రమే ఇచ్చాం. ఇప్పుడే లాక్కున్నాను. ఇంత వివరంగా చెప్పారు, చాలా థాంక్సండి.

రిటైర్డ్ మాస్టారు | పాలకొల్లు | నవంబరు 11

అమ్మా, ముందు ఒక పని చెయ్యి. మీ ఇంట్లో కుక్కతో ఎవరెవరు ఏ మాట వాడుతున్నారో కాగితం మీద రాయి. నేను ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠం చెప్పాను. ఒకే లెక్కని ముగ్గురు మూడు రకాలుగా చెప్తే తెలివైన వాడు కూడా బిక్కమొహం వేస్తాడు.

రెండోది, మెచ్చుకోలు మాట ఒకటి ఖాయం చేసుకో. మా ఇంట్లో "భలే" అంటాం. కుక్క సరైన పని చేసిన క్షణంలో "భలే" అనాలి, వెంటనే ముక్క పెట్టాలి. సెకను, రెండు సెకన్లు, అంతకి మించితే అది దేనికి మెచ్చుకున్నావో దానికి తెలీదు. కూర్చున్నప్పుడు కాక లేచాక పెడితే లేచినందుకు పెట్టావనుకుంటుంది. కొన్నాళ్ళకి "భలే" అన్న మాటకే నోట్లో నీళ్ళూరతాయి. పావ్‌లోవ్ కనిపెట్టింది ఇదే. ఆయనకి 1904లో నోబెల్ వచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పనికి. కుక్కల లాలాజలం కొలుస్తుంటే, కూడు ఇంకా రాకుండానే అవి చొంగ కార్చడం గమనించాడు. సగం చదువులు అలా పక్కదారిలోనే దొరుకుతాయి.

లంకతోట | నవంబరు 12

మాస్టారూ, రాశాను. రాశాక నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

మా వాడు: "సిట్". వాళ్ళ నాన్న: "కూర్చో". నేను: "కూర్చో అమ్మా, కూర్చో, కూర్చోవే". అత్తయ్యగారు: "కూకో". ఇది కాక పక్కింటి వాళ్ళ పాప "కుచ్చో" అంటుంది.

రాత్రి భోజనాల దగ్గర మీటింగు పెట్టాం. అందరం "సిట్" అందామని మా వాడు పట్టుబట్టాడు. అత్తయ్యగారు ఒక్కటే మాట అన్నారు. "నాకు డెబ్బై రెండేళ్ళురా. నేను మీ తాతనే కూకో అన్నాను, కుక్కకి మార్చుకుంటానా?" కాబట్టి తీర్మానం: ఇంటిల్లిపాదీ "కూకో".

పామ్‌నాన్న | నవంబరు 12

మంచి తీర్మానం. కుక్కకి ఏ భాషైనా ఒకటే, మారకుండా ఉంటే చాలు.

మొదలెట్టేటప్పుడు మాట వాడకండి. లివర్ ముక్క దాని ముక్కు దగ్గర పెట్టి నెమ్మదిగా తల మీదుగా వెనక్కి తీసుకెళ్ళండి. ముక్కు పైకి లేస్తుంది, నడుం దానంతటదే కిందకి దిగుతుంది. ఆ దిగిన క్షణంలో "భలే", ముక్క. పది పన్నెండు సార్లకి అర్థమవుతుంది. అప్పుడు కలపండి "కూకో". వెనక చెయ్యేసి నొక్కి కూర్చోబెట్టకండి, నొక్కితే అది ఎదురు నొక్కుతుంది.

డల్లాస్ గోదారోడు | నవంబరు 13

మాది మండపేట, ఇప్పుడిక్కడ. ఇక్కడి అమెరికన్ కెన్నెల్ క్లబ్ (కుక్కల సంఘం) వాళ్ళు 1989 నుంచి మంచి నడవడిక పరీక్ష ఒకటి పెడుతున్నారు, ఊరకుక్కలూ రాయొచ్చు. పది అంశాలుంటాయి. కొత్త మనిషి పలకరిస్తే బెదరకూడదు, జనం మధ్య నడవాలి, ఇంకో కుక్క ఎదురైతే గొడవ చెయ్యకూడదు, యజమాని కనపడకుండా మూడు నిమిషాలు వేరే వాళ్ళ దగ్గరుండాలి, ఇలాంటివి. షేక్‌హ్యాండ్ ఇవ్వడం, బంతి తేవడం ఆ పదింటిలో లేవు. మీ ఊరి కుర్రాళ్ళు తెలిసి పెట్టారో తెలీక పెట్టారో గానీ, అంశాలు చక్కగా ఎంచుకున్నారు.

ఒక సలహా. మాటతో పాటు చేతి సైగ కూడా నేర్పండి. కుక్కలు మన నోటి కంటే ఒంటిని బాగా చదువుతాయి. గ్రౌండులో మైకు మోగుతుంటే మీ మాట వినపడదు, సైగ కనపడుతుంది.

లంకతోట | నవంబరు 13

సైగలంటే అత్తయ్యగారికి ఎప్పుడూ చేతుల్లో చేటో బిందో ఉంటుందండి. ముందు మాట కుదరనివ్వండి, తర్వాత చూద్దాం.

రొయ్యలబాబాయ్ | భీమవరం దగ్గర | నవంబరు 15

ఆయ్, నేనూ వచ్చేశాను. నాకు చెరువుల మీద రెండు కుక్కలున్నాయి. పిలిస్తే రావడం ఒక్కటొస్తే కుక్కకి సగం చదువు వచ్చినట్టే. మా దగ్గర అది రాకపోతే చెరువులో ఉంటుంది.

ఇరవై అడుగుల నూలు పలుపు తీసుకోండి, ఆవుకి కట్టేది. కొబ్బరి తాడు వద్దు, అది ఉరికితే మీ అరచెయ్యి ఊడొస్తుంది. పిల్లకి మెడపట్టీ కట్టి పలుపు నేల మీద వదిలెయ్యండి. అది దేన్నో వాసన చూస్తుంటే సంతోషంగా పిలవండి. రాకపోతే మళ్ళీ మళ్ళీ అరవొద్దు, మీరే వెనక్కి పరిగెత్తండి. పారిపోయే వాణ్ణి చూస్తే కుక్క వెంటపడకుండా ఉండలేదు. వచ్చాక బోలెడు సంబరం చెయ్యండి.

పిలిచి తిట్టొద్దు. పిలిచి స్నానం చేయించొద్దు. స్నానానికి మీరే వెళ్ళి ఎత్తుకురండి. మా పెద్దదానికి నేను చేసిన తప్పు ఇదే. ఈ రోజుకీ నా చేతిలో మగ్గుంటే అవతలి గట్టు దాకా పోతుంది.

లంకతోట | నవంబరు 26

రిపోర్టు. "కూకో" వచ్చేసింది! నాలుగో రోజుకే పట్టేసింది. అన్నం గిన్నె ముందు, గుమ్మం ముందు, మెట్ల దగ్గర, ఎక్కడ అన్నా టక్కున కూలబడుతోంది. ఎదుగుతోంది అనడానికి గుర్తుగా మా వాడి జామెట్రీ బాక్సు మూత తినేసింది.

తాడు మాత్రం నరకం. నేను దాన్ని నడిపిస్తున్నట్టు లేదు, అది నన్ను రావులపాలెం తీసుకెళ్తున్నట్టుంది.

పామ్‌నాన్న | నవంబరు 26

లాగిన ప్రతిసారీ తాటిచెట్టులా నిలబడిపోండి. తాడు వదులైతే కదలండి. మొదటి రోజు గేటు దాటడానికే పావుగంట పడుతుంది, ఊళ్లో వాళ్ళు మీకేదో అయ్యిందనుకుంటారు. పట్టించుకోకండి. లాగితే ఆగిపోతాం, లాగకపోతే వెళ్తాం అన్న లెక్క దానికి అర్థమయ్యేదాకా అంతే. మీ ఇంట్లో ఒక్కరు లాగనిచ్చినా మొత్తం పాడవుతుంది. ఎవరు లాగనిస్తున్నారో ఊహించగలను, ఆరో తరగతి.

పాతకాపు | నవంబరు 27

మనుషుల పిల్లలకి ఇంత ఓపికగా చెప్పి ఉంటే ఈపాటికి అందరూ కలెక్టర్లయ్యేవాళ్ళు.

లంకతోట | డిసెంబరు 14

పాతకాపు గారూ, అది మా ఆయన కూడా అన్నారు.

పళ్ళు ఊడుతున్నాయి, డాక్టరుగారు చెప్పినట్టే. గడపలో ఒకటి దొరికితే మా వాడు దాచుకున్నాడు. అర నిమిషం కూర్చోవడం మీద పనిచేస్తున్నాం. రెండు సెకన్లు, ఐదు, పది, అలా పెంచుతున్నాం. ఇరవై దగ్గర లేచిపోతోంది. ఇంకో భయం, మైకు. మొన్న గుళ్ళో పాటలు మొదలుకాగానే మంచం కింద దూరింది.

పశువుల డాక్టరమ్మ | డిసెంబరు 14

ఇరవై దగ్గర లేస్తుంటే పదిహేను దగ్గరే మెచ్చుకోండి. ఓడిపోయే దాకా సాగదియ్యొద్దు. మీరు దూరంగా నిలబడినప్పుడు దాన్ని మీ దగ్గరకి పిలిచి ముక్క పెట్టకండి. మీరే తిరిగెళ్ళి, కూర్చున్న చోటే పెట్టండి. లేకపోతే లేచి రావడానికే ముక్క అనుకుంటుంది.

చప్పుళ్ళకి ఒక పద్ధతుంది. డప్పులు, మైకు, టపాసులు ఫోన్లో రికార్డు చేసి, వినీ వినపడనట్టు పెట్టి, ఆ సేపు మాత్రమే మంచి తిండి పెట్టండి. చెవులు వెనక్కి వాలిస్తే సౌండు తగ్గించండి. రోజుకి కాస్త కాస్త పెంచండి. ప్రభల తీర్థానికి మాత్రం తీసుకెళ్ళకండి, ఆ జనానికీ ఆ బాణసంచాకీ పెద్ద కుక్కలే తట్టుకోలేవు.

మీ వాడు కర్ర అడ్డం పెట్టి దూకిస్తున్నాడా? అయితే ఆపించండి. ఈ వయసులో ఎముకల చివర్లు ఇంకా గట్టిపడవు.

లంకతోట | డిసెంబరు 14

దూకిస్తున్నాడండి. మీకెలా తెలిసింది!

లంకతోట | జనవరి 6

కొత్త సమస్య. ఇది నవ్వులాటగా ఉన్నా నిజంగానే టెన్షన్ పడుతున్నాను. ఇంట్లో అరిసెలు వండుతున్నాం. పొద్దున్నించి సాయంత్రం దాకా "బెల్లం తే", "బెల్లం దంచు", "బెల్లం పాకం వచ్చిందా", "బెల్లం చాల్లేదు". మొదటి రోజు మా బెల్లం ప్రతి పిలుపుకీ పరిగెత్తుకొచ్చింది. రెండో రోజు తలెత్తి చూసింది. మూడో రోజు నుంచి పేరు పెట్టి పిలిచినా చెవి కదపడం లేదు. పదకొండు రోజులే ఉంది.

రిటైర్డ్ మాస్టారు | జనవరి 6

నవ్వి నవ్వి మా ఆవిడ చేత మంచినీళ్ళు తెప్పించుకున్నాను. ఆ పేరు ఈ పండక్కి అరిగిపోయినట్టే. వదిలెయ్యండి. పిలవడానికి ఇంట్లో ఎవరూ వాడని కొత్త మాట పెట్టండి. "దా" బాగుంటుంది, సాగదీసి, "దాఆఆ" అని. పది రోజులు చాలు, ప్రతి "దా"కీ లివర్ ఖాయంగా ఉండాలి. ఖాళీ చేత్తో ఒక్కసారి కూడా అనొద్దు.

రొయ్యలబాబాయ్ | జనవరి 6

వచ్చే కుక్కకి నువ్వులు అని మాత్రం పెట్టకండి.

లంకతోట | జనవరి 18

పోటీ అయ్యింది. అందరూ అడుగుతున్నారు కాబట్టి మొత్తం రాస్తాను.

పద్నాలుగు కుక్కలొచ్చాయి. ఒక లాబ్రడార్, రెండు పామ్‌లు, మిగతావన్నీ మాలాంటివే. పాతకాపు గారూ, జనం బాగానే వచ్చారు, బరుల దగ్గర డబ్బులైపోయిన వాళ్ళంతా ఇక్కడే ఉన్నారు.

ముందు కొత్త మనిషి నిమరడం. జడ్జిగారు వంగి గడ్డం కింద నిమిరారు. బెల్లం అందరికంటే ఎక్కువ ప్రేమ చూపించింది. వెల్లకిలా పడుకుని, తోక ఊపి, ఆయన బూటు మీద పాస్ పోసింది. ఐదు మార్కులు కోసేశారు.

కుర్చీల మధ్య నడక మూడు కుర్చీల దాకా చూడముచ్చటగా సాగింది. నాలుగో కుర్చీ కింద ఎవరో తిని పడేసిన కోడి ఎముక. ఇంక దాని గురించి రాయను.

తర్వాత పిలిస్తే రావడం. మా వాడు ఆ చివర నిలబడి "దాఆఆ" అన్నాడు. బెల్లం బాణంలా వచ్చింది. చెవులు వెనక్కి, నాలుక బయటికి, లాబ్రడార్ టైముని కొట్టేలా ఉంది. సగం దూరం వచ్చింది. అంతలో ముందు వరసలో జనం లేచి నిలబడ్డారని మైకులో కుర్రాడు గట్టిగా అన్నాడు: "కూకోండి! అందరూ కూకోండి!"

టక్కున కూర్చుంది. గ్రౌండు మధ్యలో. దుమ్ము లేచింది. మా వాడు "దా" అంటున్నాడు, మైకు "కూకోండి" అంటోంది, అది ఇద్దరినీ మార్చి మార్చి చూసి మైకు మాటే విన్నది. మేం అంతా ఎంత కష్టపడి నేర్పామో అంత గట్టిగా కూర్చుంది. ఆ అంశంలో ఆఖరు.

చివరిది, అర నిమిషం కూర్చోవడం. మిగతా కుక్కలు ఒక్కొక్కటే లేచిపోతున్నాయి. జనం మళ్ళీ ముందుకి తోసుకొచ్చారు, మైకు కుర్రాడు మళ్ళీ మొదలెట్టాడు. ప్రతి "కూకోండి"కీ బెల్లం ఇంకాస్త సర్దుకుని కూర్చుంటుంది. అర నిమిషం అయిపోయి, విజిల్ వేసి, తాడు పట్టుకున్నా లేవలేదు. అందులో ఫస్టు. మైకు సాయం చేసిందని లాబ్రడార్ వాళ్ళు గొడవపెట్టారు. మైకు వల్ల నష్టపోయింది కూడా మేమే కదా అని మా ఆయన వాదించారు. మొత్తం మీద మూడో బహుమతి, ప్లాస్టిక్ టబ్బు. బిందె లాబ్రడార్‌కే.

డల్లాస్ గోదారోడు గారూ, సైగలు నేర్పి ఉంటే బిందె మాదేనని ఇప్పుడు తెలిసింది. అనకండి.

అత్తయ్యగారు మాత్రం ఎవరొచ్చినా "నా మాట కుక్క కూడా వింటుంది" అని చెప్తున్నారు. వచ్చిన వాళ్ళని "కూకోండి" అనగానే ముందు బెల్లం కూర్చుంటోంది.

పశువుల డాక్టరమ్మ | జనవరి 18

బూటు మీద పోసిన దానికి తిట్టకండి, అది అల్లరి కాదు. పెద్దవాళ్ళ ముందు చిన్నపిల్ల లొంగుబాటు. చాలావాటికి వయసుతో పోతుంది. కొత్త వాళ్ళని మీద నుంచి వంగకుండా పక్కన గొంతుక్కూర్చుని పలకరించమనండి. ఆ కోడి ఎముక మింగిందా, లాక్కున్నారా? మింగితే రెండు రోజులు కనిపెట్టుకుని ఉండండి. వాంతులైనా, తిండి మానేసినా వెంటనే తీసుకురండి.

లంకతోట | జనవరి 18

లాక్కున్నానండి. "భలే" అనకుండా లాక్కున్నందుకు ఇంకా అలిగే ఉంది.

పాతకాపు | జనవరి 19

ఒక సంగతి అడుగుతాను, ఎవరూ ఎగతాళి చెయ్యొద్దు. మా వాడికి, అంటే మా కుక్కకి, ఆరేళ్ళు. ఇంజెక్షన్‌కి తీసుకెళ్ళాలంటే నలుగురు పట్టుకోవాలి. ఆ లివర్ పద్ధతి ముసలి కుక్కలకి కూడా పనిచేస్తుందా?

పామ్‌నాన్న | జనవరి 19

పనిచేస్తుందండి, కాస్త ఎక్కువ రోజులు పడుతుంది. ముందు ఇంట్లో ఆ పేపరు కనపడకుండా దాచెయ్యండి.

రొయ్యలబాబాయ్ | జనవరి 19

లంకతోట గారూ, వచ్చే ఏడు పోటీకి మైకు నాకిప్పించండి. మీ బెల్లం పరిగెడుతుంటే జనాన్ని "ఆసీనులు కండి" అంటాను.